ఆరూ బలమైనవే పెట్టినా నీ అటాకింగ్ టీమ్ ఎందుకు ఆగిపోతోంది

తమ్ముడూ, నువ్వు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. తిరుపతిలో ఇంజినీరింగ్ రెండో ఏడాది చదువుతూ హాస్టల్లో ఫోన్ మీదే పోకీమాన్ షోడౌన్ (ఆన్‌లైన్‌లో పోకీమాన్ పోరాటాలు ఆడే సిమ్యులేటర్) ఆడుతున్నావు. స్కార్లెట్ వయొలెట్ తరం, ఓయూ (ఎక్కువగా వాడే పోకీమాన్లు ఉండే పోటీ విభాగం) సింగిల్స్, అంటే ఇటు ఒకటి అటు ఒకటి దిగే ఆట. నీ టీమ్‌లో డ్రాగపల్ట్, గార్చోంప్, డ్రాగొనైట్, ఐరన్ వాలియంట్, వీవైల్, సిండరేస్ ఉన్నాయి. మొదటి ఐదారు టర్న్‌లలో అవతలివాళ్ళవి ఒకటి రెండు పడిపోతాయి. ఆ తరువాత డొండోజో గానీ కార్విక్‌నైట్ గానీ వస్తే నీ ఆట అక్కడితో ఆగిపోతుంది. రేటింగ్ 1200 దాటడం లేదు. "అన్నా, అటాకర్లను తగ్గించి రెండు వాల్స్ పెట్టుకోమంటారా?" అని అడిగావు.

వద్దు. వాల్స్, అంటే దెబ్బలు తట్టుకుంటూ నిలబడేవి, పెట్టుకోవద్దు. రెండు వాల్స్, నాలుగు అటాకర్లతో టీమ్ చేస్తే అది అటూ ఇటూ కాకుండా పోతుంది. నీ వాల్స్ మీద అవతలివాడు తీరిగ్గా సెటప్ చేసుకుంటాడు (తన బలం, వేగం పెంచుకునే మూవ్స్ వేసుకుంటాడు), మిగిలిన నాలుగిటికి గోడ పగలగొట్టే బలం చాలదు. అటాకింగ్ టీమే ఆడు. కానీ కట్టే పద్ధతి మార్చు. ముందు మ్యాచ్‌ను ముగించేది ఎవరో ఒక్కదాన్ని ఎంచుకో. దాని దారికి అడ్డం వచ్చేవి ఏవో రాసుకో. మిగతా ఐదింటినీ ఆ అడ్డాలు తీయడానికే తెచ్చుకో. నేను చెప్పదలచుకున్నది ఇదే. కింద రాసేదంతా దీని వివరమే.

ముందు నీ ఆరింటినీ చూద్దాం. ఏ ఒక్కటీ చెడ్డది కాదు. కానీ ఆరింటిలో ఐదు ఫెయిరీకి బలహీనం. మూడు డ్రాగన్లు ఎలాగూ అంతే. వీవైల్ డార్క్ కాబట్టి దానికీ రెట్టింపు దెబ్బ. ఐరన్ వాలియంట్ తాను ఫెయిరీ అయినా ఫైటింగ్ కూడా కలిసి ఉంది కాబట్టి దానికీ రెట్టింపే. తట్టుకునేది సిండరేస్ ఒక్కటే. అంటే అవతలివాడు మూన్‌బ్లాస్ట్ (ఫెయిరీ దెబ్బ) నొక్కిన ప్రతిసారీ నీకు లోపలికి పంపడానికి మనిషి లేడు. రెండో సంగతి, నువ్వు రాసిన సెట్ల ప్రకారం ఐదు ఫిజికల్ సైడే, అంటే ఎదుటిదాని డిఫెన్స్ మీదే కొడుతున్నాయి. స్పెషల్ దెబ్బ పడేది స్పెషల్ డిఫెన్స్ మీద. డొండోజోకి హెచ్‌పీ (ప్రాణశక్తి) బేస్ 150, డిఫెన్స్ 115. పైగా దాని అన్అవేర్ ఎబిలిటీ నీ డ్రాగన్ డాన్స్, స్వోర్డ్స్ డాన్స్ పెంచిన బలాన్ని లెక్కలోకే తీసుకోదు. అయితే దాని స్పెషల్ డిఫెన్స్ బేస్ 65 మాత్రమే. నీ టీమ్‌లో ఐదుగురు కలిసి దాని గట్టి వైపే కొడుతున్నారు, మెత్తటి వైపు కొట్టేవాడు ఒక్కడే. మూడోది, గార్చోంప్ ఉండి కూడా స్టెల్త్ రాక్ (అవతలివైపు రాళ్ళు పరిచి, లోపలికి వచ్చేవాటికి దెబ్బ తగిలేలా చేసే మూవ్) పెట్టలేదు. అవతలివాడు ఎన్నిసార్లు స్విచ్ చేసినా వాడికి పైసా ఖర్చు లేదు.

ఈ స్టెల్త్ రాక్ గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే అటాకింగ్ ఆడేవాళ్ళు "ఆ టర్న్‌లో ఒక దెబ్బ కొట్టొచ్చు కదా" అని దాన్ని వదిలేస్తుంటారు. మామూలు టైపు లోపలికి వస్తే ఎనిమిదో వంతు హెచ్‌పీ పోతుంది. రాక్‌కు బలహీనమైతే నాలుగో వంతు, వోల్కరోనా లాంటి నాలుగు రెట్ల బలహీనత ఉన్నదైతే సగం. అటాకింగ్ టీమ్‌కి చాలా దెబ్బలు ఎనభై, తొంభై శాతం దగ్గర ఆగిపోతుంటాయి. ఆ మిగిలిన పది, పదిహేను శాతాన్ని రాక్ తీసేస్తుంది. ఫోకస్ శాష్ (నిండు హెచ్‌పీ ఉన్నప్పుడు ఒక్క దెబ్బకే పడిపోకుండా కాపాడే ఐటమ్) పనిచేయదు, డ్రాగొనైట్ మల్టీస్కేల్ (నిండు హెచ్‌పీలో దెబ్బను సగం చేసే ఎబిలిటీ) విరిగిపోతుంది. ఒక్క టర్న్ పెట్టుబడికి ఇంత వచ్చే మూవ్ ఈ ఆటలో ఇంకోటి నాకు కనిపించలేదు. రాళ్ళ దెబ్బ తగలకుండా చేసే హెవీ డ్యూటీ బూట్స్ వచ్చాక దాని పదును తగ్గిన మాట నిజమే. కానీ ఒక్కోదానికి ఐటమ్ ఒక్కటే కాబట్టి బూట్స్ పట్టుకున్నది లెఫ్టోవర్స్ పట్టుకోలేదు, ఛాయిస్ బ్యాండ్ పట్టుకోలేదు. అది కూడా మనకు లాభమే.

ఇప్పుడు కట్టడం. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇది నేను ఆడిన నిర్మాణమే. అచ్చుగుద్దినట్టు దించుకోమని చెప్పను, ఏది ఎందుకు వచ్చిందో చూడమని చెప్తాను.

ముగించేది: డ్రాగొనైట్. డ్రాగన్ డాన్స్, ఎక్స్‌ట్రీమ్ స్పీడ్, ఎర్త్‌క్వేక్, రూస్ట్. ఐటమ్ హెవీ డ్యూటీ బూట్స్, టెరా (ఆటకు ఒక్కసారి టైపు మార్చుకోవడం) నార్మల్. ఎందుకు ఇదంటే, హెచ్‌పీ నిండుగా ఉన్నప్పుడు మల్టీస్కేల్ వల్ల దెబ్బ సగమే తగులుతుంది కాబట్టి ఒక డాన్స్ వేసుకునే టర్న్ దానికి దొరుకుతుంది. ఎక్స్‌ట్రీమ్ స్పీడ్ ప్రయారిటీ ఉన్న (స్పీడ్‌తో పని లేకుండా ముందే తగిలే) మూవ్, నార్మల్ టెరా అయ్యాక దానికి బలం వస్తుంది. నేచర్ జాలీ (స్పీడ్ పెంచేది) పెట్టాలా అడమెంట్ (అటాక్ పెంచేది) పెట్టాలా అని చాలామంది అడుగుతారు. లెవెల్ 100లో స్పీడ్ పూర్తిగా పెట్టిన జాలీ డ్రాగొనైట్ స్పీడ్ 284. ఒక డాన్స్ తరువాత 426. స్పీడ్ పెంచే నేచర్‌తో పూర్తి వేగం ఉన్న డ్రాగపల్ట్ 421. ఐదు పాయింట్ల తేడాతో దాటేస్తుంది. అడమెంట్ అయితే 259, డాన్స్ తరువాత 388. అంటే 364 ఉన్న ఐరన్ వాలియంట్‌ను దాటుతుంది గానీ డ్రాగపల్ట్‌ను దాటదు. డ్రాగపల్ట్ ఘోస్ట్ కాబట్టి ఎక్స్‌ట్రీమ్ స్పీడ్ దానికి తగలనే తగలదు. కాబట్టి దాని కోసమైనా నేను జాలీనే పెడతాను. ఆ కాస్త బలం తగ్గినా ఫరవాలేదు.

ఒక జాగ్రత్త: నార్మల్ టెరా అయిన క్షణం నుంచి ఫ్లయింగ్ పోతుంది, ఎర్త్‌క్వేక్ తగులుతుంది. ఫైటింగ్‌కు బలహీనం అవుతుంది. ముందే ఆలోచించుకుని నొక్కు.

దానికి అడ్డం ఎవరు? కాగితం మీద రాయి, బుర్రలో పెట్టుకోవద్దు. కార్విక్‌నైట్: స్టీల్, ఫ్లయింగ్. ఎర్త్‌క్వేక్ తగలదు, ఎక్స్‌ట్రీమ్ స్పీడ్ సగమే. డొండోజో: డాన్స్‌ను లెక్కచేయదు. టాక్సాపెక్స్: హేజ్ వేసి పెంచుకున్నదంతా సున్నా చేస్తుంది. ఎయిర్ బెలూన్ పట్టుకున్న గోల్డెంగో: రెండు దెబ్బలూ తగలవు. టింగ్‌లూ: వర్ల్‌విండ్‌తో బయటికి తోసేస్తుంది. జాబితా ఇంత చిన్నదే. నీ ల్యాడర్‌లో (రేటింగ్ ఆటల్లో) రోజూ ఎదురయ్యే టీమ్‌లలో వీటిలో ఒకటో రెండో మాత్రమే ఉంటాయి. అవి పోతే డ్రాగొనైట్ పని సులువు.

ఇక ఆ అడ్డాలు తీసేవాళ్ళు. కార్విక్‌నైట్, డొండోజో, టాక్సాపెక్స్ మూడింటికీ ఉమ్మడి బలహీనత కరెంటు. మూడూ ఎలక్ట్రిక్‌కు రెట్టింపు దెబ్బ తింటాయి. ఇది కనిపించగానే రెండో సభ్యుడు దొరికినట్టే: థండర్‌బోల్ట్ ఉన్న గోల్డెంగో. ఛాయిస్ స్కార్ఫ్ (వేగం పెంచి, ఒకే మూవ్‌కు కట్టేసే ఐటమ్), మేక్ ఇట్ రెయిన్, షాడో బాల్, థండర్‌బోల్ట్, ట్రిక్ (ఎదుటిదానితో ఐటమ్ మార్చుకునే మూవ్). స్కార్ఫ్‌తో దాని స్పీడ్ 439, డ్రాగపల్ట్ కంటే ఎక్కువ. స్టీల్ కాబట్టి ఫెయిరీని తట్టుకుంటుంది. నీ పాత టీమ్‌లో లేని మనిషి ఇతనే. గుడ్ ఆజ్ గోల్డ్ ఎబిలిటీ వల్ల ఎదుటివాళ్ళ స్టేటస్ మూవ్స్ (నేరుగా దెబ్బ కొట్టనివి) దాని మీద పనిచేయవు, రాళ్ళు ఊడ్చేసే డీఫాగ్ కూడా. ఘోస్ట్ కాబట్టి, రాళ్ళు తీసే ఇంకో మూవ్ ర్యాపిడ్ స్పిన్ కూడా తగలదు. అంటే నువ్వు వేసిన రాక్ నేల మీద నిలబడటానికి కాపలా కూడా ఇదే.

మూడోది గ్లిమోరా, మొదట దింపేది. ఫోకస్ శాష్, స్టెల్త్ రాక్. అవతలివాడు ఫిజికల్ దెబ్బ కొడితే టాక్సిక్ డెబ్రీ ఎబిలిటీ వల్ల వాడి వైపే టాక్సిక్ స్పైక్స్ (విషం ఎక్కించే ముళ్ళు) పడతాయి. దీని పని రాక్ వేయడం, వీలైతే ఒక దెబ్బ కొట్టి పోవడం. ఇది చనిపోయిందని బాధపడొద్దు. అవతల టాంట్ (దాడి కాని మూవ్స్‌ను ఆపేది) వేసేది కనిపిస్తే మాత్రం రాక్ మీద పంతం పట్టకుండా నేరుగా కొట్టు.

నాలుగోది గ్రేట్ టస్క్. మన వైపు పడిన రాళ్ళు, ముళ్ళు తీసేది, టింగ్‌లూ లాంటివాటిని ఫైటింగ్ మూవ్‌తో కొట్టేది. ర్యాపిడ్ స్పిన్ తగిలితే స్పీడ్ ఒక మెట్టు పెరుగుతుంది. జాలీ అయితే 300 నుంచి 450కి వెళ్తుంది. శుభ్రం చేస్తూనే వేగం తెచ్చుకునేది కాబట్టి అటాకింగ్ టీమ్‌కి ఇది అచ్చంగా సరిపోతుంది. కానీ అవతల ఘోస్ట్ వస్తే స్పిన్ తగలదు, రాళ్ళూ పోవు, వేగమూ రాదు. ఘోస్ట్ ఉన్న టీమ్ మీద స్పిన్ నొక్కేముందు ఆ ఘోస్ట్ లోపలికి వస్తుందేమో అని ఒక్క క్షణం ఆలోచించు. దానికోసమే దీని దగ్గర ఘోస్ట్‌కు గట్టిగా తగిలే నాక్ ఆఫ్ ఉంచుతాను.

ఐదోది ఐరన్ వాలియంట్, నీ దగ్గర ఉన్నదే. కానీ స్పెషల్ సైడ్, బూస్టర్ ఎనర్జీతో (దాని స్టాట్‌లలో ఎక్కువ ఉన్నదాన్ని పెంచే ఐటమ్). టిమిడ్ నేచర్, స్పీడ్ పూర్తిగా పెడితే అన్నిటికంటే స్పీడే ఎక్కువ కాబట్టి బూస్టర్ స్పీడ్‌నే పెంచుతుంది. 364 కాస్తా 546 అవుతుంది. అవతలివాడిది ఏదైనా సెటప్ అయి మన మీదికి ఉరికితే ఆపే మనిషి ఇతను. బూస్టర్ ఒక్కసారే, బయటికి తీస్తే పోతుంది. కాబట్టి తొందరపడి మొదట్లోనే దింపొద్దు.

ఆరోది కింగాంబిట్. సుప్రీమ్ ఓవర్‌లార్డ్: మనవాళ్ళు పడినకొద్దీ ఒక్కొక్కరికి పది శాతం చొప్పున, యాభై శాతం వరకు దెబ్బ బలం పెరుగుతుంది. ఇది స్టాట్ పెరగడం కాదు కాబట్టి అన్అవేర్ దీన్ని తుడిచేయలేదు. హేజ్ కూడా తీసేయలేదు. డ్రాగొనైట్ పని పూర్తికాకుండా పోతే రెండో దారి ఇది. ముందే తగిలే సకర్ పంచ్ ఉంది కాబట్టి బేస్ స్పీడ్ 50 అయినా నడుస్తుంది. అవతలివాడు ఆ టర్న్‌లో దాడి చేయకపోతే సకర్ పంచ్ విఫలమవుతుందని మరిచిపోవద్దు. తెలివైనవాడు ఆ సమయానికి సబ్‌స్టిట్యూట్ వేస్తాడు.

చూశావా, ఇందులో వాల్ ఒక్కటీ లేదు. అయినా ఫెయిరీ వస్తే గోల్డెంగో ఉంది, గ్రౌండ్ వస్తే డ్రాగొనైట్ ఉంది, ఘోస్ట్, డార్క్ వస్తే కింగాంబిట్ ఉంది. తట్టుకునేవాళ్ళు ఉన్నారు. వాళ్ళు వచ్చి కూర్చోరు, వచ్చి తిరిగి కొడతారు. అంతే తేడా.

ఇక ఆడే తీరు. టీమ్ ఎంత బాగా కట్టినా ఇక్కడ పొరపడితే లాభం లేదు. క్రికెట్లో ఇరవయ్యో ఓవర్ దాకా ఫినిషర్ వికెట్ కాపాడుకున్నట్టు, డ్రాగొనైట్ హెచ్‌పీని కాపాడుకోవాలి. అడ్డాలు ఉండగానే దాన్ని దింపడం నీలాంటి కొత్త ఆటగాళ్ళందరిలోనూ చూస్తుంటాను. డాన్స్ వేయగానే డొండోజో వస్తుంది, అక్కడితో టెరా కూడా ఖర్చు. ముందు మిగతావాళ్ళతో గోడ పగలగొట్టించు.

బైరాగిపట్టెడలో ఒక టీ అంగడి దగ్గర ఆదివారాలు మేము కొందరం కలుస్తాం. చిత్తూరు గ్రీమ్స్‌పేట నుంచి వచ్చే ఒక పిల్లోడు ఎప్పుడూ పక్కా స్టాల్ (తట్టుకుంటూ ఆటను సాగదీసే) టీమే ఆడతాడు: కార్విక్‌నైట్, డొండోజో, టాక్సాపెక్స్, బ్లిస్సీ, గ్లైస్కోర్, ఇంకొకటి. వాడితో ఆడిన ఒక ఆట చెప్తాను, నీ సమస్య అచ్చంగా అదే కాబట్టి. గ్లిమోరాతో రాక్ వేశాను. వాడు డీఫాగ్ కోసం కార్విక్‌నైట్‌ను తెచ్చాడు. వాడు డీఫాగ్ నొక్కే టర్న్‌లోనే నేను గోల్డెంగోను దింపాను. డీఫాగ్ పనిచేయలేదు, రాళ్ళు అలాగే ఉన్నాయి. ఇప్పుడు కార్విక్‌నైట్ ఎదురుగా థండర్‌బోల్ట్. వాడు బ్లిస్సీని తెస్తాడని అందరికీ తెలుసు. అందుకే నేను థండర్‌బోల్ట్ నొక్కలేదు, ట్రిక్ నొక్కాను. బ్లిస్సీ లోపలికి రాగానే దాని బూట్స్ నాకు, నా స్కార్ఫ్ దానికి. అక్కడినుంచి బ్లిస్సీ ఒక మూవ్ నొక్కితే దాంతోనే ఉండిపోవాలి. పైగా సీస్మిక్ టాస్ ఘోస్ట్‌కు తగలదు, థండర్ వేవ్ గోల్డెంగో మీద పనిచేయదు. అక్కడ దాన్ని ఉంచి చేసేదేమీ లేదు కాబట్టి వాడు డొండోజోను దింపాడు. ఆ టర్న్‌లో నేను కొట్టింది థండర్‌బోల్ట్. రాక్‌తో కలిపి డొండోజోకి మూడో వంతు కంటే తక్కువే మిగిలింది.

ఆ తరువాత వాడు పది నిమిషాలు పోరాడాడు. డొండోజో రెస్ట్ వేస్తే రెండు టర్న్‌లు నిద్రపోవాలి, ఆ రెండు టర్న్‌లు డ్రాగొనైట్‌కు డాన్స్ వేసుకోవడానికి ఇచ్చినట్టే. రెస్ట్ వేయకపోతే ఇంకో దెబ్బకు పోతుంది. అదే సమయంలో రాక్ ఎక్కిన ప్రతి స్విచ్‌కూ ఏదో ఒకటి అరిగిపోతోంది. గోల్డెంగో, గ్రేట్ టస్క్ రెండూ పోయాయి. కానీ అవి పోయేసరికి కార్విక్‌నైట్, డొండోజో కూడా లేవు. మిగిలినవాటిని డ్రాగొనైట్ ముగించింది.

ఈ ఆటలో నువ్వు గమనించాల్సింది ట్రిక్ గొప్పతనం కాదు. ఒక్క టర్న్ కూడా అవతలివాడికి ఊరికే ఇవ్వలేదు. వాడు ఏ మూవ్ నొక్కాలన్నా "ఇది నొక్కితే ఏం పోగొట్టుకుంటాను" అని లెక్క వేసుకోవాల్సి వచ్చింది. అటాకింగ్ టీమ్ గెలిచేది అలాగే. మనవి రెండు పోయినా పర్వాలేదు, అవి పోతూ ఎవరిని తీసుకుపోయాయన్నదే చూడాలి. నువ్వు కాపాడుకోవాలని స్విచ్ చేస్తూ పోతే మన టీమ్‌కి అంత తట్టుకునే శక్తి లేదు. స్విచ్ చేసిన ప్రతిసారీ ఒక దెబ్బ ఉచితంగా తింటున్నావు. అందుకే చాలాసార్లు చచ్చిపోయేదాన్ని చచ్చిపోనివ్వడమే సరైన ఎత్తు. దాని తరువాత వచ్చేది దెబ్బ తినకుండా నిండు హెచ్‌పీతో దిగుతుంది.

టీమ్ ప్రివ్యూలో అవతలివాడి ఆరూ కనిపిస్తాయి కదా. ఆ సమయాన్ని వృథా చేయొద్దు. చాలామంది ముందు ఏది దింపాలా అని మాత్రమే ఆలోచిస్తారు. నువ్వు రెండు ప్రశ్నలు అడుగు: వాడి ఆరింటిలో డ్రాగొనైట్‌ను ఆపేది ఏది? దాన్ని నా వాళ్ళలో ఎవరు తీయగలరు? రెండింటికీ జవాబు దొరికాకే మొదటి టర్న్ నొక్కు. ఒక్కోసారి జవాబు "డ్రాగొనైట్‌తో కుదరదు, కింగాంబిట్‌తోనే ముగించాలి" అని వస్తుంది. అప్పుడు డ్రాగొనైట్‌ను కూడా బలి ఇవ్వడానికి వెనకాడొద్దు.

డ్యామేజ్ కాలిక్యులేటర్ వాడటం ఇప్పటినుంచే అలవాటు చేసుకో. ఉచితంగానే దొరుకుతుంది. నేను పైన చెప్పిన దెబ్బే చూడు: స్పెషల్ అటాక్‌లో 252 ఈవీలు (స్టాట్‌లు పెంచడానికి పంచుకునే పాయింట్లు) పెట్టిన టిమిడ్ గోల్డెంగో థండర్‌బోల్ట్, హెచ్‌పీలో 252 పెట్టి స్పెషల్ డిఫెన్స్‌లో ఏమీ పెట్టని డొండోజోకి దాదాపు 56 నుంచి 66 శాతం తగులుతుంది. అంటే రెండు దెబ్బలు. ఈ సంఖ్య ముందే తెలిసి ఉంటే ఆటలో "ఆగనా, పోనా" అని టెన్షన్ పడక్కర్లేదు. నీ టీమ్‌లో ఒక్కోదానికి ఇలాంటి ముఖ్యమైన లెక్కలు మూడు నాలుగు చూసి పెట్టుకుంటే చాలు.

ఓడిపోయిన ప్రతి ఆటకూ రీప్లే సేవ్ చేసుకో. చివరి టర్న్ చూడొద్దు, అక్కడ ఏమీ ఉండదు. అవతలివాడికి ఉచితంగా ఒక టర్న్ ఎక్కడ దొరికిందో వెతుకు. వాడు సెటప్ చేసుకున్న టర్న్, లేదా రాక్ వేసుకున్న టర్న్, లేదా నిద్రలేచిన టర్న్. దాదాపు ప్రతి ఓటమిలోనూ ఒకటి దొరుకుతుంది. ఒకే టర్న్ మళ్ళీ మళ్ళీ కనిపిస్తే అప్పుడు టీమ్‌లో ఒక్క మార్పు చెయ్యి. మూడు మార్చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

ఇంకో మాట, నువ్వు చిత్తూరు వెళ్ళేటప్పుడు బస్సులో ల్యాడర్ ఆడతానన్నావు. దయచేసి ఆ పని మానుకో. సిగ్నల్ పోతే టైమర్ ఆగదు. స్టాల్ టీమ్ అయితే ఒక టర్న్ పోయినా మళ్ళీ నిలదొక్కుకుంటుంది, మనకు ఒక టర్న్ పోతే ఆట పోతుంది. బస్సులో రీప్లేలు చూసుకో.

నేను చెప్పింది సింగిల్స్‌కు మాత్రమే. నీ స్నేహితుడు ఆడే వీజీసీ (పోకీమాన్ అధికారిక పోటీల పద్ధతి) వేరే లోకం. అక్కడ ఒకేసారి రెండేసి దిగుతాయి, ఆరింటిలో నాలుగే ఎంచుకోవాలి, లెవెల్ 50. స్టెల్త్ రాక్‌కు అక్కడ ఇంత విలువ లేదు. వేగం కావాలంటే టెయిల్‌విండ్ వేసి నాలుగు టర్న్‌ల పాటు రెట్టింపు స్పీడ్‌తో కొడతారు, లేదంటే ట్రిక్ రూమ్ వేసి నెమ్మదివాటిని ముందు కదిలిస్తారు. వాడి సలహాలు నీ టీమ్‌లోకి నేరుగా తెచ్చుకోకు.

ఓయూలో నిషేధాల జాబితా ఎప్పటికప్పుడు మారుతుంటుంది. టీమ్ కట్టే రోజు ఒకసారి చూసుకో. ఒకటి పోయినా పద్ధతి అదే: ముగించేది, దాని అడ్డాలు, ఆ అడ్డాలు తీసేవాళ్ళు.

నీ ఆరింటిలో డ్రాగొనైట్, ఐరన్ వాలియంట్ ఎలాగూ ఉంటాయి. మిగతా నాలుగింటిలో నీకు బాగా ఇష్టమైనది డ్రాగపల్ట్ అయితే గోల్డెంగో బదులు దాన్నే స్పెషల్ సైడ్‌లో, ఛాయిస్ స్పెక్స్‌తో, థండర్‌బోల్ట్ పెట్టి ఆడొచ్చు. అప్పుడు డీఫాగ్‌ను ఆపేవాడు ఉండడు, ఫెయిరీని తట్టుకునే స్టీల్ తగ్గుతుంది, ఆ రెండూ వేరే ఎక్కడైనా సర్దుకోవాలి. ఎలా సర్దావో ఆరింటి సెట్లూ ఈవీలతో సహా ఇక్కడే పెట్టు, రెండు ఓడిపోయిన రీప్లేలు కూడా పెట్టు. ఆదివారం సాయంత్రం కూర్చుని చూస్తాను.